ఊరికి నీళ్ళు తెచ్చిన ఖుదాదాద్

చెప్పినవాళ్ళు వెళ్ళిపోయారు, విన్నవాళ్ళం మిగిలాం. అందుకని నేను విన్నది విన్నట్టే మీకు చెబుతాను.

చాలా చాలా ఏళ్ళ కిందటి మాట. ఎన్నేళ్ళో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఇరాన్ దేశంలో ఎడారి అంచున నర్గెసాబాద్ అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి ఏరు లేదు, చెరువు లేదు, వాన కూడా ఏడాదికి ఒకటో రెండో. అయినా ప్రతి పెరట్లోనూ దానిమ్మ చెట్లు ఉండేవి. ఎలాగంటారా? దూరాన ఒక కొండ ఉంది. కొండ కింద నీళ్ళున్నాయి. ఆ నీళ్ళని ఎండ తాగెయ్యకుండా, పూర్వం ఎవరో మహానుభావులు భూమి లోపల సొరంగం తవ్వి, ఊరిదాకా కాలువ తెచ్చారు. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇసుకలో వరసగా బావి నోళ్ళు మాత్రం ఉంటాయి.

ఆ సొరంగం మనిషి పాకేటంతే ఉంటుంది. ఏటేటా ఎవరో ఒకరు బావిలోంచి దిగి, పాక్కుంటూ పోయి, పేరుకున్న బురద తియ్యాలి. తియ్యకపోతే నీళ్ళు ఆగుతాయి. నీళ్ళు ఆగితే ఊరు ఆగుతుంది.

ఆ పని చేసేవాడి పేరు ఖుదాదాద్. దేవుడిచ్చినవాడు అని ఆ పేరుకి అర్థం.

పొట్టి మనిషి. ముప్పై ఏళ్ళు సొరంగంలో పాకి పాకి నడుం వంగిపోయింది. బజారులో కూడా తల వంచుకునే నడిచేవాడు. "ఇక్కడ కప్పు లేదు గదా ఖుదాదాద్, నిటారుగా నడవరాదా?" అని జనం నవ్వేవాళ్ళు. "ఆకాశం తగులుతుందేమోనని భయం" అని తనూ నవ్వేవాడు.

బావి పైన, గిలక దగ్గర, అతని నేస్తం రజబ్ ఉండేవాడు. కింద ఖుదాదాద్ తోలు సంచిలో బురద నింపితే పైన రజబ్ లాగేవాడు. లోపలి కేక పైకి వినపడదు. తాడే వాళ్ళ మాట. తాడు ఒకసారి కదిలితే, లాగు అని. రెండుసార్లు కదిలితే, ఆగు అని. మూడుసార్లు కదిలితే, నేను బాగానే ఉన్నాను, నువ్వు రొట్టె తిను అని. ఆ మూడు కదలికలూ వచ్చేదాకా రజబ్ రొట్టె మూట విప్పేవాడు కాదు.

రజబ్ ముస్లిము. ఖుదాదాద్ బహాయీ. దేవుడొక్కడే, మతాలన్నీ ఆయన పంపినవే, మనుషులంతా ఒక ఇంటివాళ్ళే అని నమ్మేవాళ్ళు బహాయీలు. ఆ మతం అప్పటికి కొత్తది. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు పట్టుమని పది లేవు. ఊరివాళ్ళు వాళ్ళని నెత్తిన పెట్టుకోనూ లేదు, తోసెయ్యనూ లేదు. నీళ్ళు వస్తున్నాయి, అంతే చాలు.

అలా ఉండగా దివాణం నుంచి కొత్త అధికారి వచ్చాడు. వస్తూ దివాణం ఆజ్ఞ రాసిన ఫర్మానా ఒకటి తెచ్చాడు. బహాయీకి పని ఇవ్వకూడదు. బహాయీకి ఇల్లు ఉండకూడదు. బహాయీకి శ్మశానంలో చోటు ఉండకూడదు. వాళ్ళ చెయ్యి తగిలిందల్లా మైల. అయితే "నేను బహాయీని కాను" అని నలుగురిలో ఒక్క మాట అన్నవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు.

అధికారి ఖుదాదాద్‌ని పిలిపించాడు. రజబ్ కూడా వెంట వెళ్ళాడు.

"ఆ ఒక్క మాట అనెయ్. లేదా ఇక సొరంగంలో దిగకు. నీ చెయ్యి తగిలిన నీళ్ళు ఊరు తాగడానికి వీల్లేదు" అన్నాడు అధికారి.

రజబ్ ఊరుకోలేకపోయాడు. "అయ్యగారూ, ముప్పై ఏళ్ళుగా ఊరు తాగిన ప్రతి చుక్కా ఇతని చేతుల మీదుగా వచ్చిందే. పొద్దున తమరు తాగిన షర్బత్తు కూడా."

అధికారి మొహం ఎర్రబడింది. ఖుదాదాద్ రజబ్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "అయ్యా, పని వదలమంటే వదులుతాను. ఆ మాట మాత్రం అనలేను. అది అబద్ధం గదా" అన్నాడు.

పని పోయింది.

నెల తిరక్కుండా బంట్రోతులు ఇంటి మీదికి వచ్చారు. సామానంతా వీధిలో పడేశారు. మళ్ళీ అదే అడిగారు.

"అయ్యా, పని వదలమన్నారు, వదిలాను. ఇల్లు వదలమంటే వదులుతాను. ఆ మాట మాత్రం అనలేను. అది అబద్ధం గదా" అన్నాడు ఖుదాదాద్.

ఇల్లు పోయింది. అతనూ, అతని భార్య తూబా, దుప్పట్లు చుట్టుకుని రజబ్ గాడిద కొట్టంలోకి చేరారు. రజబ్ సిగ్గుపడిపోయాడు. "వదినా, ఇంట్లోకి రండి అందామంటే, పిల్లలున్నారు. బంట్రోతులు చూస్తే..."

"ఊరుకో రజబ్" అంది తూబా. "గాడిద చాలా మర్యాదస్తురాలు. మీది ఏ మతం అని ఒక్కసారైనా అడగలేదు."

మూడోసారి కొత్వాలే వచ్చాడు. అదే ప్రశ్న. ఖుదాదాద్‌ది అదే జవాబు. "అయ్యా, పని వదలమన్నారు, వదిలాను. ఇల్లు వదలమన్నారు, వదిలాను. జైలుకి రమ్మంటే వస్తాను. ఆ మాట మాత్రం అనలేను. అది అబద్ధం గదా."

జైలుకి తీసుకుపోయారు. కిటికీ లేని గది. గోడల్లోంచి చెమ్మ ఊరేది.

ఏడాది గడిచింది. సొరంగం శుభ్రం చెయ్యడానికి అధికారి పక్క ఊళ్ళనుంచి మనుషుల్ని పిలిపించాడు. మొదటివాడు సగం దూరం పాకి వెనక్కి వచ్చేశాడు. రెండోవాడు బావిలో సగం దిగి పైకి వచ్చేశాడు. మూడోవాడు తొంగిచూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరిన నెలలో సొరంగం ఎక్కడో కూలింది. పొద్దున కాలువలో బురద వచ్చింది. మధ్యాహ్నానికి తడి మిగిలింది. మర్నాటికి అదీ లేదు. ఊరు ఉన్న నీళ్ళని కొలుచుకుని తాగింది. దానిమ్మ ఆకులు ముడుచుకున్నాయి. పసిపిల్లలు ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదని తల్లులు భయపడ్డారు.

ఖుదాదాద్‌ని పంపమని తోటవాళ్ళు వెళ్ళి అధికారిని అడిగారు. ఊరుకున్నాడు. ఊళ్ళో స్నానాల ఇల్లు నడిపేవాడు వెళ్ళి అడిగాడు. ఊరుకున్నాడు. అప్పుడు అధికారి భార్యే ఖాళీ కూజా తెచ్చి ఆయన ఎదురుగా పెట్టింది. "ఇది నింపగలిగినవాణ్ణి మీరే లోపల పెట్టారు" అంది.

అధికారి ఖుదాదాద్‌ని తెప్పించాడు. అప్పటికే మనిషికి దగ్గు పట్టుకుంది. "ఆ మాట అను. అని సొరంగం తెరువు. విడిచిపెడతాను."

"నీళ్ళకి ఆ మాటతో పనేముందయ్యా? నీళ్ళు తెస్తాను. తెచ్చి మళ్ళీ ఇక్కడికే వస్తాను. ఆ మాట మాత్రం అనలేను" అన్నాడు ఖుదాదాద్.

అధికారి వేరే దారిలేక, బంట్రోతుల్ని కాపలా పెట్టి పంపాడు.

గిలక దగ్గర రజబ్ ఉన్నాడు. తాడు ఖుదాదాద్ నడుముకి కట్టాడు. ముడి ఒకటికి మూడుసార్లు బిగించి చూశాడు.

మూడు రోజులు పట్టింది. ఖుదాదాద్ పొద్దున దిగేవాడు, సాయంత్రం పైకి వచ్చేవాడు. మధ్యాహ్నం తాడు మూడుసార్లు కదిలేది. రజబ్ అప్పుడు రొట్టె మూట విప్పేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం తాడు కదల్లేదు. రజబ్ బావి గట్టున బోర్లా పడుకుని చెవి లోపలికి పెట్టాడు. చాలాసేపటికి చిన్న చప్పుడు వినపడింది. అది మట్టి రాలిన చప్పుడు కాదు, బావి అడుగున నీళ్ళు నడిచిన చప్పుడు. ఆ వెంటనే తాడు ఒకసారి కదిలింది. రజబ్ లాగాడు. ఖుదాదాద్ పీకల్దాకా బురదతో, దగ్గుతూ, నవ్వుతూ బయటికి వచ్చాడు.

ఊళ్ళోంచి ఆడవాళ్ళ కేకలు అక్కడిదాకా వినపడ్డాయి. నీళ్ళు చేరాయన్నమాట.

కాపలా బంట్రోతులు కూడా నీళ్ళు చూడ్డానికి పరిగెత్తారు. రజబ్ గొంతు తగ్గించి అన్నాడు. "గాడిద సిద్ధంగా ఉంది. కొండ అవతల నిన్నెవరూ ఎరగరు. వెళ్ళు. తూబా వదినని నేను తెచ్చి దింపుతాను."

ఖుదాదాద్ చేతులు కడుక్కుంటూ అన్నాడు. "వస్తానని చెప్పాను."

"ఎవరికి? ఆ మనిషికా?"

"ఏ మనిషికైతేనేం రజబ్, చెప్పింది నేను గదా."

తలవంచుకుని, నడుచుకుంటూ జైలుకి వెళ్ళాడు. తలుపు తట్టి మరీ లోపలికి వెళ్ళాడు.

విడిచిపెట్టమని ఊరంతా వెళ్ళి అడిగింది. "ఫర్మానా నాది కాదు, దివాణంది" అన్నాడు అధికారి. ఖుదాదాద్ కళ్ళలోకి చూసి మాత్రం ఈ సాకు ఎప్పుడూ చెప్పలేకపోయాడు.

ఆ చలికాలం దగ్గు ఛాతీలోకి దిగింది. ఒక పొద్దున జైలువాడు రొట్టె తెచ్చేసరికి ఖుదాదాద్‌లో ప్రాణం లేదు.

తూబా వెళ్ళి శవాన్ని ఇమ్మని అడిగింది. ఇవ్వలేదు. శ్మశానంలో చోటు అడిగింది. ఇవ్వలేదు. పోనీ ఎక్కడ పెట్టారో చెప్పమంది. అదీ చెప్పలేదు. సమాధి ఉంటే జనం చేరతారని అధికారి భయం. ఊరి చుట్టూ ఉన్న కోట గోడ బయట ఎక్కడో పూడ్చి, ఆనవాలు దొరక్కుండా ఎద్దుల్ని కట్టి ఆ నేలంతా దున్నించేశాడు.

తూబా ఏడ్చింది. మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు లేచి, కాలువలో కూజా ముంచుకుని గోడ బయటికి వెళ్ళింది. దున్నిన నేల ఎంతదూరమో ఉంది. నాలుగడుగులు వేసి, దోసెడు నీళ్ళు పోసి, "ఇక్కడేనేమో" అంది. మరో నాలుగడుగులు వేసింది. దోసెడు పోసింది. "ఇక్కడేనేమో" అంది. కూజా అయిపోతే మళ్ళీ ముంచుకుని వచ్చింది.

రెండో రోజు రజబ్ కూడా ఒక కూజా తెచ్చాడు. మూడో రోజు పదిమంది ఆడవాళ్ళు వచ్చారు. అందులో బహాయీలు ఇద్దరే.

బంట్రోతు వచ్చి గద్దించాడు. "ఏం చేస్తున్నారిక్కడ?"

"నీళ్ళు పోస్తున్నాం నాయనా" అంది తూబా.

"ఎవరికి?"

"నేలకి."

నేల మీద నీళ్ళు పొయ్యకూడదని ఏ ఫర్మానాలోనూ లేదు. బంట్రోతు వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

ఆ తరవాత అధికారులు మారారు. ఫర్మానా మారలేదు. ఆ కొద్ది బహాయీ ఇళ్ళవాళ్ళూ ఇంకా చాలా పడ్డారు. అవి వేరే కథలు. తూబా పోయింది, రజబ్ పోయాడు.

కాని ఈనాటికీ నర్గెసాబాద్‌వాళ్ళు గోడ దాటి ఎక్కడికి వెళ్ళినా, దాహమేసి నీళ్ళు తాగబోయేముందు ఒక దోసెడు నేల మీద పోస్తారు. పోసి, "ఇక్కడేనేమో" అంటారట. తోటమాలి అంటాడు, బాటసారి అంటాడు, పెళ్ళివారు కూడా బండి ఆపి అంటారు. ఎవరి గురించి అంటున్నావు అని అడిగితే చాలామందికి తెలియదు. మా అమ్మ అనేది, నేనూ అంటున్నాను అంటారు. అని, ముందు నేలకి పోసి, తరవాతే తాము తాగుతారు.