గిల్లతీగ కట్టిన చద్దిమూట

ఒకప్పుడు గింజలన్నీ శనగగింజంతే ఉండేవి. ఎందుకంటారా? పిల్లలు ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు చద్ది కట్టి పంపమని భూమితల్లి ఏటా ప్రతి మొక్కకూ మానెడు పిండి ఇచ్చేది. అందరూ దాన్ని సరిగ్గా పది మూటలు కట్టేవారు. ఆ మూటనే మనం గింజ అంటాం.

గిల్లతీగ కాపురం నట్టడవిలో. అక్కడ మిట్టమధ్యాహ్నమైనా మసకచీకటే. ఆమె పిల్లలు వెలుగు కోసం పైకి పాకేవారు. సగం దారిలోనే చద్ది అయిపోయి వాలిపోయేవారు. మూడేళ్లుగా ఒక్కరూ దక్కలేదు.

"ఈ ఏడూ ఇంతే అయితే నా వంశం ఆగిపోయినట్టే" అనుకుంటూ ఆమె భూమితల్లి దగ్గరికి బయల్దేరింది. అడవి అంచున తోటకూర కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

"నీ పిల్లలూ ఆకలితోనే పోయారా, వదినా?"

"ఆకలా? మా వాకిట్లో ఎండకేం తక్కువ? మూట విప్పే తీరికుంటేగా! ఒకణ్ణి మేక మేసింది. ఇద్దర్ని వరద ఈడ్చుకుపోయింది. మిగతావాళ్లను మూటలతో సహా చీమలు మోసుకుపోయాయి. పదిమంది ఏ మూలకు?"

"విప్పని మూటకు అంత పిండెందుకు కట్టావమ్మా?"

"అందరూ కడుతున్నారని కట్టాను. నువ్వు మాత్రం? అంత దూరం పోయే పిల్లకు పిడికెడు కట్టి పంపావు."

కింద భూమితల్లి నవ్వింది. "పదే కట్టమని నేనెప్పుడు చెప్పానర్రా?"

తోటకూర అక్కడే కూర్చుని చిటికెలో, మూటకు చిటికెడు చొప్పున తీసి వేలకు వేలు మూటలు కట్టేసింది. గిల్లతీగ మాత్రం పిండిని రెండు కుప్పలు చేసి ఆగింది.

"రెండే కట్టనా? రెండూ పోతే?"

"పది కడితే ఎందరు మిగిలారు, వదినా?"

గిల్లతీగ రెండే కట్టింది. ఒకటి వాగులో పడి కొట్టుకుపోయింది. ఆమె గుండె రాయి చేసుకుని రెండోదాన్ని కనిపెట్టుకుని ఉంది. వానలు వచ్చాయి. మొలక లేచింది. ఒక చెట్టు పట్టుకుంది, పాకింది, ఆగింది, మళ్లీ పాకింది. వానలు వెనకబట్టాక ఒకరోజు పైనుంచి చిన్న గొంతు వినబడింది.

"అమ్మా, ఎండ తగిలింది. మూటలో ఇంకా కాస్త మిగిలే ఉంది."

అప్పటినుంచే తోటకూర గింజ ఆవగింజకన్నా చిన్నది. పెరట్లో, గట్టుమీద, గోడ పగులులో, ఎక్కడ చూసినా ఆమె పిల్లలే. గిల్లగింజ అరచేతి నిండా ఉంటుంది. తీగలు అడవంతా వెతికితే ఒకటో రెండో కనబడతాయి. అయితేనేం, ఏ చిన్న గింజా బతకలేని ఆ చీకట్లో అవి హాయిగా పైకి పాకుతూనే ఉన్నాయి.