నల్లగుండ్ల ఏటి నీటిమాట

నల్లగుండ్ల ఏరు దాటాలంటే గేదె వీపు తప్ప వేరే దిక్కు లేని అడవి అది. కుందేళ్లు, మేకలు, అడవికోళ్లు ఇవతలి ఒడ్డున కాపురం ఉండేవి. మంచి మేతా, మందు మూలికలూ మాత్రం అవతలి ఒడ్డున. పైనుంచి చూస్తే ఏరు మోకాలి లోతే అనిపిస్తుంది. దాని కడుపు నిండా నల్లటి గుండ్లు, గుండ్ల మధ్య సందులు. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక ఒకచోట కొట్టుకుపోయి మరోచోట మేట వేస్తుంది. నిన్న కాలు ఆనినచోట ఇవాళ ఆనదు. గేదెకు ఈత వచ్చు, నిజమే. కాలు బండల సందులో ఇరుక్కున్నాక ఈత ఏం చేస్తుంది?

అందుకని రేవు గేదెలకు ఒక కట్టుబాటు ఉండేది. ఏరు దాటి తిరిగొచ్చిన గేదె, కాళ్ల తడి ఆరకముందే నాంచారమ్మ ఎదుట నిలబడి ఏటి సంగతి చెప్పాలి. ఎక్కడ లోతు పెరిగింది, ఏ గుండు కదిలింది, ఎక్కడ పాచి జారుతోంది, అంతా చెప్పాకే బురదలో పడుకోవాలి. దీన్ని నీటిమాట అనేవారు. నాంచారమ్మ అందరిలోకీ ముసలి గేదె. నడుము పడిపోయి ఏట్లో దిగడం మానేసి ఆరేళ్లయింది. అయినా తొమ్మిది గేదెలు చెప్పిన తొమ్మిది ముక్కల్నీ కలిపి, తర్వాత బయలుదేరే గేదెకు ఏరు మొత్తం అప్పజెప్పేది. ఆమె ఏట్లో దిగకపోయినా ఏరు ఆమెలో పారుతూనే ఉండేది.

అలాగని ఆ రేవు చాలా గొప్పదనుకోకండి. వీపు నిండితే తప్ప గేదె కదిలేది కాదు. నాలుగు మేకలు ఎక్కేదాకా ఒంటి కుందేలు ఎండలో కూర్చోవలసిందే. త్వరగా పోదామంటే, నువ్వెక్కితే ఈగ వాలినట్టయినా లేదు, నీ ఒక్కదాని కోసం ఏరు దాటాలా అని గేదెలు వెక్కిరించేవి. కుందేలు చిట్టెమ్మ తల్లి జ్వరంతో పడి ఉంటే, చిట్టెమ్మ మూలిక కోసం రేవుకు వచ్చి నడిపొద్దు దాకా పడిగాపులు కాసింది. మూలిక తెచ్చేసరికి తల్లి లేదు. ఎంత మొత్తుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

గేదెల్లోనూ అందరికీ ఒకే న్యాయం కాదు. వరసలో పెద్దవాళ్లదే ముందు. నాంచారమ్మ మనవడు పెంటయ్య తల్లి లేని దున్న, అందరికన్నా చిన్నవాడు. వాడి వంతు వచ్చేసరికి పొద్దు వాలేది.

ఒకరోజు ఎక్కడినుంచో పానకాలు అనే నక్క వచ్చాడు. వెంట నలభై గోరువంకలు. మూడు రోజులు రేవులో కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా అంతా చూశాడు. నాలుగోరోజు పెంటయ్య పక్కకు చేరాడు.

"ఏం అల్లుడూ, ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావు?"

"వంతు కోసం చూస్తున్నా."

"ఎన్నో వంతు నీది?"

"తొమ్మిదోది."

"మొత్తం గేదెలెన్ని?"

"తొమ్మిది."

పానకాలు నవ్వలేదు. అదే వాడి గొప్ప. చాలా బాధపడినవాడిలా తల ఊపి, "వంతు అనేది ముందు నిలబడినవాడు కనిపెట్టిన మాట నాయనా. వెనక నిలబడినవాడికి దాంతో ఏం పని?" అన్నాడు.

ఆ తర్వాత తన పద్ధతి చెప్పాడు. ఏరు దాటవలసినవాళ్లు రేవుకు రానక్కర్లేదు. గుమ్మంలో నిలబడి గోరువంకకు చెబితే చాలు. దగ్గరలో ఏ గేదె ఉంటే దాన్ని పిట్ట పిలుచుకొస్తుంది. ఒక్క ప్రాణి ఎక్కినా బయలుదేరాలి. దిగాక, సుఖంగా సాగితే పిట్ట ముక్కుకు ఒక పువ్వు ఇవ్వాలి, లేకపోతే ముల్లు. పూలు ఎక్కువ వచ్చిన గేదెకు పిలుపులు ఎక్కువ. మూడు ముళ్లు పడితే ఇక ఏ పిట్టా ఆ గేదె పేరు పలకదు. దాటించినందుకు గేదెకు కూలిగా వచ్చే మేతలో నాలుగో వంతు పానకాలుది. గడ్డి తినని నక్కకు గడ్డెందుకని ఎవరూ అడగలేదు.

మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. చిట్టెమ్మ బిడ్డకు జ్వరం వస్తే ఎండ ఎక్కకముందే మూలిక ఇంటికి చేరింది. పెంటయ్య డొక్కలు నిండాయి. పాలు తాగే దూడ ఉన్న సుబ్బులు అనే గేదె, దూడ నిద్రపోయినప్పుడు రెండు ప్రయాణాలు చేసుకుని మళ్లీ దాని దగ్గరికి వచ్చేసేది. ఇన్నాళ్లూ మనం కుందేళ్లను ఏడిపించాం, దేవుడే ఈ నక్కను పంపాడు అని నాంచారమ్మే స్వయంగా అంది.

అయితే రేవులో ఇప్పుడు నిలబడేవాళ్లు లేరు. ఏ గేదె ఎక్కడ మేస్తుంటే అక్కడికే పిట్ట వచ్చి అరుస్తోంది. తిరిగొచ్చిన గేదె గట్టు ఎక్కకముందే ఇంకో పిట్ట సిద్ధం. మొదట్లో పరుగెత్తుతూనే ఒక ముక్క చెప్పిపోయేవి. తర్వాత, "వస్తా పెద్దమ్మా, పిట్ట పిలుస్తోంది" అనే మాట ఒక్కటే మిగిలింది. కొన్నాళ్లకు అదీ లేదు. ఏటి అడుగున ఏముందో తెలియని గేదెలు పిట్టలు చూపించిన చుట్టుదారి పట్టాయి. ఎగువన ఏరు వెడల్పుగా ఉన్నచోట ఈదుకుంటూ పోవడమే. పిట్టకు నీళ్ల పైభాగమేగా కనిపించేది.

పానకాలు ఇంకో మెలిక పెట్టాడు. అందరికన్నా త్వరగా దాటించిన గేదెకు మర్నాడు మొదటి పిలుపు.

శ్రావణంలో ఒక వరద వచ్చి పోయింది. ఆ మర్నాడు సుబ్బులు దగ్గరి దారిన దాటుదామని ఏనుగు గుండు ఎడమ పక్కకు వెళ్లింది. తరతరాలుగా గేదెలు నడిచిన దారి అది, అప్పటిదాకా ఏ వరదకూ చెదరనిది. అక్కడ ఇసుకంతా కొట్టుకుపోయి, నోరు తెరుచుకున్న బండల సందు ఒకటి బయటపడింది. కాలు విరగవలసింది, వెంట్రుకవాసిలో తప్పింది. వెనక్కి వచ్చి కుడి పక్క తడిమి చూస్తే, కొత్తగా వేసిన ఇసుకమేట. నడిచిపోవచ్చు. ఇంకెవరికీ తెలియని దారి.

తిరిగొచ్చేసరికి నాంచారమ్మ బురదలోంచి తల ఎత్తి చూస్తోంది.

"ఏరు ఎలా ఉందే సుబ్బులూ?"

సుబ్బులు ఇంటివైపు చూసింది. ఇంట్లో దూడ. రేపటి మొదటి పిలుపు.

"ఎప్పట్లాగే ఉంది పెద్దమ్మా."

అంతే. అబద్ధం కూడా పెద్దదేం కాదు. పలకరిస్తే ఎవరైనా అనే మాటే.

పెంటయ్య కష్టం అప్పుడే మొదలైంది. చుట్టుదారిన నెమ్మదిగా దాటిస్తున్నాడని రెండు ముళ్లు పడ్డాయి. ఇంకొకటి పడితే వాడి కథ ముగిసినట్టే. చేరడానికి రేవులో పాత వరస కూడా లేదు. వాడు అమ్మమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. సుబ్బులు పక్కనే బురదలో పడుకుని నెమరు వేస్తోంది.

"అమ్మమ్మా, ఏనుగు గుండు దగ్గర దగ్గరి దారి ఉందనేదానివి కదా. చెబుతావా?"

నాంచారమ్మను ఎవరైనా ఏదైనా అడిగి చాలా రోజులైంది. ఈమధ్య ఒంటరిగా పడి ఉండి, కొన్ని గుండ్ల పేర్లు ఎంత తలుచుకున్నా తోచక లోలోపల భయపడుతోంది. ఈ దారి మాత్రం చెక్కుచెదరలేదు. ముసలిదాని కళ్లు మెరిశాయి.

"ఏనుగు గుండుకు ఎడమ. మొదట మోకాలి లోతు, తర్వాత పొట్టకు తగులుతుంది. భయపడకు. ఎడమ మాత్రం వదలకు."

"గట్టిగా గుర్తుందా?"

"నీ పేరైనా మరిచిపోతానేమో గానీ అది మరిచిపోనురా."

సుబ్బులు నెమరు ఆపింది. ఎడమ కాదురా, కుడి అనడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పేస్తే రేపటినుంచి ఆ దారి ఇద్దరిది. ఇవాళ నీళ్లు ఎక్కువగా ఉన్నాయి, వీడు వెళ్లడులే, రేపు నెమ్మదిగా చెబుదాం అనుకుంది. అనుకుంటూ ఉండగానే పిట్ట వచ్చి పెంటయ్యను పిలిచింది. వాడు చెంగున లేచాడు.

వాడి వీపు మీద చిట్టెమ్మ ఎక్కింది. పైన పిట్ట తొందరగా, తొందరగా అని అరుస్తోంది. పెంటయ్య ఏనుగు గుండు దాకా పోయి ఎడమకు తిరిగాడు. నాలుగు అడుగులు బాగానే వేశాడు. ఐదో అడుగు సందులోకి దిగిపోయింది.

చిట్టెమ్మ ఎగిరి గుండు మీదికి దూకింది. పెంటయ్య ఒకసారి లాగాడు, రెండోసారి లాగాడు. కాలు రాలేదు. ఎగువన ఎక్కడ వాన పడుతోందో, నీళ్లు పెరుగుతున్నాయి. వాడి కేక విని గేదెలన్నీ ఒడ్డుకు వచ్చాయి. వచ్చి ఏం లాభం? అక్కడిదాకా ఎలా వెళ్లాలో ఒక్కదానికీ తెలియదు.

"అమ్మమ్మా, ఎడమేగా అన్నావు," అని పెంటయ్య అడగడం ఒడ్డున అందరికీ వినబడింది.

సుబ్బులు ఒక అడుగు ముందుకు వేసింది. అందరి కళ్లూ తన కాళ్ల మీదే. ఆ ఒక్క అడుగు దగ్గరే ఆగింది. మనసు గట్టి చేసుకుని కుడి పక్కకు కదలబోయేసరికి, నీళ్ల మీద రెండు కొమ్ములే కనిపించాయి. ఆ తర్వాత అవీ లేవు.

గుండు మీద మిగిలిన చిట్టెమ్మ ఎదుట గోరువంక వాలింది. పువ్వా, ముల్లా అని అడిగింది. చిట్టెమ్మ చెడ్డది కాదు. అడిగినదానికి జవాబు చెప్పాలి అనుకుంది, అంతే. ప్రయాణం సగంలో ఆగిపోయింది కదా అని ముల్లు ఇచ్చింది. మూడు ముళ్లు పడినందున పెంటయ్యను ఇకపై పిలవబోమని సాయంత్రం నలభై పిట్టలూ అడవంతా చాటాయి.

గేదెలు పానకాలు మీదికి వెళ్లాయి. నీ పిట్ట తరిమి తరిమి చంపిందన్నాయి. పానకాలు తోక ముడుచుకుని చాలా వినయంగా కూర్చున్నాడు.

"నేను ఏరు దాటించేవాణ్ణి కాను తల్లీ. నాలుగు పిట్టల్ని పెంచుకుంటున్నాను. పెంటయ్య నా దగ్గర పనివాడా? తన వీపు, తన కాళ్లు, తన ఇష్టం. పోనీ, ఎడమకు పొమ్మని నా పిట్ట చెప్పిందా? ఎవరు చెప్పారో మీకే తెలుసు."

గేదెలన్నీ బురదగుంట వైపు తిరిగాయి. ముసలిది మరిచిపోయింది అని ఎవరో గొణిగారు. పాపం, మనవణ్ణి తనే చంపుకుంది. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయింది. సుబ్బులు నోటి దగ్గరికీ వచ్చింది. సుబ్బులు కాదనలేదు.

ఆ మర్నాడే పానకాలు సుబ్బులును పక్కకు పిలిచాడు.

"అక్కా, నువ్వు కుడి పక్కనుంచి పోతావని నా పిట్టలు చూస్తూనే ఉన్నాయి. నీళ్ల కింద ఏముందో మాత్రం వాటికి తెలియదు. ఆ ముక్క చెప్పావంటే, మొదటి పిలుపు ఇక నీదే."

సుబ్బులు చెప్పింది. ఎక్కడ మేట మొదలవుతుంది, ఎన్ని అడుగులకు వంగుతుంది, ఎక్కడ పాచి ఉంది. ఒక్క పొల్లు పోకుండా, పూర్వం నాంచారమ్మ ఎదుట నిలబడి చెప్పినంత శ్రద్ధగా చెప్పింది. విన్నది ఒక పిట్ట.

మర్నాటికి నలభై పిట్టలకూ ఆ దారి కంఠతా వచ్చింది. అన్ని గేదెలూ కుడి మేట మీదే నడుస్తున్నాయి. పడుచు గేదెలు సుబ్బులు కన్నా త్వరగా దాటిస్తున్నాయి. మొదటి పిలుపు వాటికే పోయింది. మూడోరోజు సుబ్బులుకు అసలు పిలుపే రాలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వెళ్లి నిలదీస్తే పానకాలు కోపం తెచ్చుకోలేదు.

"నీ దగ్గర కొత్త దారి ఇంకేమైనా ఉందా అక్కా?" అని అడిగాడు.

లేదంది. అయితే వెళ్లిరమ్మన్నాడు.

సుబ్బులు బురదగుంటకు తిరిగొచ్చి నాంచారమ్మ పక్కన కూలబడింది. ముసలిది మేత మానేసి, కళ్లు మూసుకుని ఏనుగు గుండు, ఎడమ, మోకాలి లోతు అని తనలో తనే వల్లె వేసుకుంటోంది. కాసేపటికి కళ్లు తెరిచింది.

"సుబ్బులూ, నువ్వు రోజూ ఏట్లో దిగేదానివి. ఒక్కటి చెప్పవే. ఏరు మారిందా, నేను మరిచిపోయానా?"

నిజం చెబితే ముసలిదానికి మనవడు తిరిగిరాడు. కానీ తన బుద్ధి చెదరలేదన్న ధైర్యం ఆమెకు మిగులుతుంది. సుబ్బులుకు అది తెలుసు. చెబితే ఈ అడవిలో తనకు, తన దూడకు చోటుండదని కూడా తెలుసు.

"వయసు మీద పడింది కదా పెద్దమ్మా," అంది.

నాంచారమ్మ నెమ్మదిగా తల ఊపింది. అంతేలే, నేనే మరిచిపోయుంటాను అంది. ఆ తర్వాత ఏటి గురించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకు తనకు మనవడు ఉండేవాడన్న సంగతి కూడా మరిచిపోయింది.

కార్తీకానికి ముందు ఇంకో వరద వచ్చింది. ఏరు మళ్లీ మారింది. పిట్టలు కుడికి, కుడికి అనే అరుస్తున్నాయి. గేదెలు అటే దిగుతున్నాయి.

తోటివాడికి చెప్పకుండా దాచుకున్న దారి వాడిని ముంచుతుంది, దాచినవాడికీ దక్కదు.