చోటురాయి వ్రతము

అక్షతలు చేతుల్లోకి తీసుకొని వినండి.

ఒకనాడు వత్సలుడను ముని తన గురువగు దీర్ఘశ్రవసుని చూచి, కలియుగమున కొలువు లేనివారు, మడిచెక్క లేనివారు ఏ వ్రతము చేసి బ్రతుకుదురని అడిగెను. అందుకాయన నవ్వి, వారికి కొలువు లేకున్ననేమి, వారే పదిమందికి కొలువిత్తురు, వినుమని ఇట్లు చెప్పెను.

మద్దిపేట పట్టణమున వరహాలరావు బట్టల దుకాణము ముందు గవరమ్మ అట్లు పోసి అమ్ముచుండెను. ఆమె పొయ్యి వెలిగిననే పిండి రుబ్బువారి ఇళ్లలో, విస్తళ్లు కుట్టువారి ఇళ్లలో, కట్టెలు తెచ్చువారి ఇళ్లలో పొయ్యిలు వెలిగెడివి. ఇంటికి పోవునపుడు తన చోట ఒక రాయి పెట్టి, పసుపు రాసి పోయెడిది. రాయి ఉన్నచోట మరొకరు కూర్చొనరాదని ఆ వీధి కట్టుబాటు. దానికి కాగితము లేదు, తప్పినవారును లేరు.

గవరమ్మ కూతురి పురిటికి పోయినపుడు వరహాలరావు, అంగడి అందము చెడుచున్నదని ఆ రాతిని పక్కకు విసరివేసెను. అది చూచి పూలవారు, పండ్లవారు, చెప్పులు కుట్టువారు తమ రాళ్లెత్తుకొని పక్క వీధికి పోయిరి. తిరిగివచ్చిన గవరమ్మయు అక్కడనే పొయ్యి పెట్టెను. అట్టు తినవచ్చి చీర కొనెడివారందరు ఆమె వెంటనే పోయిరి. వరహాలరావు ఈగలు తోలుకొనుచు కూర్చొనెను. గుమాస్తాలు వెళ్లిపోయిరి. దుకాణము మూయు గతి పట్టెను.

భయపడి పనివానిచే రాతిని మరల పెట్టించెను. ఎవరూ రాలేదు. పూలదండ వేయించెను. అప్పుడును ఎవరూ రాలేదు. చివరకు పోయి గవరమ్మను బతిమాలెను.

ఆమె అట్టు తిప్పుచునే, "సోటు నాది కాదు బాబూ, రాయిది. తీసినోడే ఎట్టాల. ఎట్టినోడే నానొచ్చీదాకా కూకోని కాయాల. అదీ మా ఈది నాయం" అనెను.

మరునాడు వరహాలరావు తానే రాతిని కడిగి పెట్టి, పక్కన ఎండలో కూర్చొనెను. దారిన పోవువారు నవ్విరి. కూర్చొనగా కూర్చొనగా, తన తల్లి బట్టల మూట దించుకొని, ఇటువంటి రాతి పక్కనే అమ్మి తనను పెంచిన సంగతి గుర్తుకు వచ్చి, కండువా అడ్డము పెట్టుకొని ఏడ్చెను. ఎవడో వచ్చి అక్కడ గంప దింపబోగా, "వద్దు నాయనా, ఈ చోటికి మనిసుంది. వస్తాది" అనెను.

వెనుక పెనముతో నిలిచిన గవరమ్మ ఆ మాట వినెను. "లెగండి బాబూ, బోణీ ఏళయినాది" అనెను.

తొలి అట్టు వరహాలరావే కొనెను. వీధి నిండెను, దుకాణము నిండెను, వెళ్లిన గుమాస్తాలు తిరిగి వచ్చిరి.

ఈ వ్రతమును గంప మోయువారు, బండి తోయువారు గర్వముగా చేయవలెను. మేడలు కట్టువారు, రోడ్లు వెడల్పు చేయువారు తప్పక చేయవలెను. చేసిన ఊరిలో పని లేని చేయి, వెలగని పొయ్యి ఉండవు. కథ తప్పినను చోటు తప్పరాదు, పూవు తప్పినను బోణీ తప్పరాదు. అక్షతలు ముందు రాతిమీద వేసి, ఆపైన మీ తలలపై వేసుకొనుడు.