నిండుగా చూపించిన బ్యాటరీ

ముందు జరిగింది వెనక, వెనకది ముందు చెబుతానేమో. బ్యాటరీ సంగతి మాత్రం తప్పు పోదు.

దర్గాలో ఉండే జమాల్ తాతతో శిష్యుడు ఖాసిం ఒక పొద్దున అన్నాడు: "తాతా, ధ్యానంలో కూర్చుంటే మనసు నిండుగా ఉంటోంది. ఇక కొండ మీదికి పోయి ఒంటరిగా ఉంటాను."



అంతలో వంట చేసే హుసేనమ్మ తన ఉబ్బసం మిషను పట్టుకొచ్చింది. మందును ఆవిరిగా చేసి పీల్పించే చిన్న మిషను. నిన్న సగంలోనే ఆగిపోయిందట. రేపు పగలంతా కరెంటు ఉండదు. బ్యాటరీయే దిక్కు.

ఖాసిం బ్యాటరీ తీసి మీటరు పెట్టాడు. "నాలుగు పాయింట్ ఒకటి వోల్టులు. నిండుగా ఉంది. పాడైంది మిషనే, టౌనుకు పంపుదాం."

"పంపితే రేపు నేను ఊపిరి దేంతో తీసుకోవాల్రా?"

"కరెంటు ఎంత ఇస్తుందో కూడా చూడవ్వా." మీటరు ఎర్ర తీగను ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ రెండు కొసలకూ ఆనించబోయాడు.

తాత అతని చెయ్యి పట్టుకున్నాడు. "అలా పెడితే మీటరు కాలుతుంది, నీ చెయ్యీ కాలుతుంది."

బ్యాటరీని మిషనులో పెట్టి, ఒక తీగ విప్పి, ఆ సందులో మీటరును కలిపాడు. ఇప్పుడు కరెంటు మీటరు గుండా మిషనుకు పోతోంది. అంకె కాసేపు నిలిచి, జారిపోసాగింది.

తీగ మళ్ళీ బిగించాడు. "ఎర్రదాన్ని వోల్టుల్లోకి మార్చు. మిషను నడుస్తుండగానే కొసల మీద పెట్టు."

రెండు పాయింట్ తొమ్మిది.

"ఊరికే ఉన్నప్పుడు ఎంత?" అన్నాడు తాత.

"నాలుగు పాయింట్ ఒకటి. పని పడగానే పడిపోతోంది."

తాత తన టార్చిలోంచి అదే సైజు బ్యాటరీ తీసిచ్చాడు. మిషను నడిచింది. వోల్టులు నాలుగుకు దగ్గర్లోనే నిలిచాయి. తెల్లటి ఆవిరి ఆగకుండా వచ్చింది. హుసేనమ్మ మందంతా పీల్చి, గోడకు జారబడి నవ్వింది.

"ఆ మీటరేదో నాకూ పెట్టి చూడు ఖాసిమూ, ఇంకెంత మిగిలానో."

"పని చేస్తూ ఉండగా పెట్టాలి అవ్వా" అన్నాడు ఖాసిం. అని, ఆ మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయాడు.

"కొండ మీదికి ఎప్పుడు ప్రయాణం?" అన్నాడు తాత.

ఖాసిం పొయ్యి దగ్గరి ఖాళీ బిందె భుజానికెత్తుకున్నాడు. "ముందు అవ్వకు నీళ్ళు తెస్తాను తాతా."

రాసుకుంటున్నావుగా అమ్మాయ్ శ్యామలా, ఆవిడ హుసేనమ్మో, హుసేన్‌బీయో. పేర్లు ఒక్కసారి సరిచూడమ్మా.