సింగారం దాచిన ముడులు

ఇప్పలకోన అనే అడవిలో జింకలు, కుందేళ్లు, ముళ్లపందులు, కొండముచ్చులు, ముంగిసలు కలిసిమెలిసి ఉండేవి. ఒక దుమ్ములగొండి కూడా ఉండేది. అవసరం పడితే తప్ప దాని గడప ఎవరూ తొక్కేవారు కాదు. ఏం చేస్తారు మరి, ఆ అడవిలో అప్పు పుట్టేది దాని దగ్గరే!

ఆ కోనలో ఒక పద్ధతి ఉంది. ఒక బుట్ట తిండి అప్పిస్తే తీసుకున్నవాడి తీగకు ఒక ముడి వేస్తారు. తీరిస్తే ఆ ముడి విప్పేస్తారు.

ఎండాకాలం వచ్చింది. పెద్దవన్నీ నీళ్ల కోసం దూరపు మడుగుకు పోవాలి. అందాకా పిల్లలను ఒక రహస్య గుహలో దాచాలి. దానికి కాపలా కావాలి.

కోనకు పెద్దదిక్కయిన ఏనుగు అవ్వ సభ పెట్టింది. "కాపలా ఉంటానన్నవాడు ముందు తనకెన్ని ముడులున్నాయో నలుగురిలో చెప్పాలి" అంది.

నూకరాజు అనే ముంగిస ముందుకొచ్చాడు. సిగ్గుతో తల దించుకునే చెప్పాడు.

"మా ఆవిడ పురిటికి దుమ్ములగొండి దగ్గర పదకొండు ముడులు వేయించుకున్నానవ్వా. నాలుగు విప్పించాను. వారానికొకటి తీరుస్తున్నాను."

అడవంతా గొల్లున నవ్వింది.

"ఓహో, ఏడు ముడుల మొనగాడు!" అన్నాడు సింగారం అనే కొండముచ్చు, తోకను మీసంలా మెలేస్తూ. "నా తీగ చూడవ్వా, పాము కుబుసంలా నున్నగా ఉంటుంది. ఒక్క ముడి లేదు!"

అందరూ సింగారానికే జై కొట్టారు. అవ్వ కాసేపు చెవులూపింది. "సరే, సింగారం పెద్ద కాపరి. నూకరాజు తోడుంటాడు" అంది.

మర్నాడు పొద్దున్నే దుమ్ములగొండి వాగు దగ్గర నూకరాజును ఆపింది.

"ఏం అల్లుడూ! గుహ దారి చెప్పు, ఏడు ముడులూ ఇప్పుడే విప్పేస్తా. లేదంటావా, నీ అప్పుల సంగతి అడవంతా చాటిస్తా."

ఏడు ముడులంటే ఏడు వారాల చాకిరీ! నూకరాజు మనసు ఒక్క క్షణం ఊగింది. మరుక్షణం గుహలో ఉన్న తన పసికూనలు కళ్లముందు మెదిలారు. ఫక్కున నవ్వేశాడు.

"నిన్న సభలో నేనే చాటుకున్నాగా మావా! ఇంకెవరికి చెప్తావు?"

దుమ్ములగొండి మొహం మాడిపోయింది. గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

నూకరాజు గుహ దగ్గరికి పరుగెత్తాడు. సింగారం ఉండాల్సిన కొమ్మ ఖాళీగా ఉంది! అక్కడి నుంచి, మడుగుకు బయల్దేరబోతున్న అవ్వ దగ్గరికి ఒకటే పరుగు. జరిగిందంతా చెప్పాడు.

అవ్వ క్షణం ఆలస్యం చేయలేదు. పిల్లలను వేరే గుహకు మార్పించింది. పాత గుహలో ముళ్లపందులను పడుకోబెట్టింది.

మిట్టమధ్యాహ్నం దుమ్ములగొండి తిన్నగా వచ్చింది. అటూ ఇటూ చూడనైనా లేదు. లొట్టలేసుకుంటూ లోపలికి దూకింది.

"కుయ్యో!"

ఎంత వేగంగా దూకిందో అంత వేగంగా బయటపడింది. ఒళ్లంతా ముళ్లే! పెళ్లికూతురి జడకు పూలు కుట్టినట్టు ఎంత నిండుగా ఉన్నాయో!

"ముప్పైరెండు ముడులు విప్పేస్తానంటే ఇదట్రా సింగారం నువ్వు చూపిన దారి!" అని అరుస్తూ కోన దాటి పారిపోయింది.

మడుగు ప్రయాణం ఆపుకుని పొదల్లో నక్కిన అడవంతా, అప్పుడే వచ్చిన సింగారం వైపు తిరిగింది. మీసంలా మెలేసిన తోక ఈసారి రెండు కాళ్ల మధ్య దూరింది.

"ముడులున్నందుకు కాదురా నాకు కోపం. దాచినందుకు" అంది అవ్వ. ఆ రోజే పెద్ద కాపరి పని నూకరాజుకిచ్చింది. సింగారం దాచిపెట్టిన అసలు తీగ బయటికి తీసి, తన ముప్పైరెండు ముడులూ సభలో గట్టిగా చెప్పి, అప్పు తీర్చేందుకు బుట్ట పట్టుకుని ఇప్పపూలు ఏరడానికి బయల్దేరాడు.

పిల్లలు నూకరాజు మీదెక్కి ఒకటే గెంతులు! "ఏడు ముడుల మొనగాడు!" అని పాట కట్టేశారు. ఈసారి నూకరాజు కూడా వాళ్లతో గొంతు కలిపాడు.

నీతి: చెప్పుకున్న అప్పు మోయలేని బరువేం కాదు, దాచుకున్న అప్పు పగవాడి చేతిలో పగ్గం.