పాతరమ్మ తల్లి తాడు పట్టించిన కథ

సుద్దవంక వాగుకు ఈ గట్టున ఎగువపల్లె, ఆ గట్టున దిగువపల్లె. ఎగువపల్లె వైపు, వంక ఒడ్డున ఉన్న గరుసుమిట్ట మీద పాతరమ్మ తల్లి కొలువై ఉన్నది. గోపురం, గర్భగుడి ఉంటాయనుకుని వచ్చేవారు కాసేపు వెతుక్కుంటారు. ఇక్కడ ఉన్నవి రాతి స్తంభాలు, వాటిపై ఒక కప్పు, కప్పు కింద నేలలో మనిషి పట్టేంత గుండ్రని నోరు, దాని మీద పసుపు పూసిన బండ. పైన విగ్రహం లేదు. బండ పక్కన చుట్ట చుట్టిన లావుపాటి మోకు ఒకటి ఉంటుంది. భక్తులు ముందు ఆ మోకును కళ్లకద్దుకుని, తరువాతే బండకు మొక్కుతారు. దీపాన్ని కూడా పైన వెలిగించి ఉంచరు, తాడు కట్టి లోపలికి దించుతారు. ఇదేం ఆచారమమ్మా అని కొత్తవారు అడుగుతారు. గుడి చూసుకునే ఇంటి ఆడవారు వాళ్లను నీడన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఈ కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ ఇద్దరు పాలెగాళ్లకు పగ రగిలింది. ఎగువపల్లె ఒకరి ఏలుబడి, దిగువపల్లె ఇంకొకరిది. నిన్నటిదాకా ఒకే వంకలో నీళ్లు తోడుకున్నవాళ్లు కత్తులు పట్టుకుని ఒకరి కల్లాలు ఒకరు కాల్చుకున్నారు, ఒకరి బావుల్లో ఒకరు రాళ్లు పోసుకున్నారు. కొన్నేళ్లకు పాలెగాళ్లిద్దరూ రాజీపడి వియ్యమందుకున్నారు. పెళ్లి ఘనంగా జరిగింది. వంకలో పడిన మనుషులు మాత్రం లేచి రాలేదు.

ఎగువపల్లె చెన్నక్క మగడు పెద్దోబన్న అట్లా వంకలో పడినవాడే. దిగువపల్లె తిమ్మప్ప వేటుకు పడ్డాడని ఊరంతటికీ తెలుసు, చెన్నక్కకూ తెలుసు. మగడు పోతూ పోతూ ఆమెకు ఒక భారం వదిలిపోయాడు. కల్లాలు కాలకముందే అతడు ఊరి విత్తనపు జొన్నలన్నీ మిట్ట మీద పాతరలో పోయించాడు. పాతర అంటే ధాన్యం దాచే లోతైన గొయ్యి. చుట్టూ చొప్ప పేర్చి, గింజలు పోసి, నోరు మూసి మట్టి కప్పేస్తే పైన నడిచేవాడికి ఆనవాలు దొరకదు. ఆ చోటు తెలిసినవాళ్లలో మిగిలింది చెన్నక్క ఒక్కతే. ఊరు ఆకులలములు తిన్న రోజుల్లో కూడా ఆమె నోరు విప్పలేదు. చెప్తే తినేస్తారు, తింటే ఇక ఊరే ఉండదు అని పళ్లు బిగబట్టింది.

తొలకరి పడింది. నేల విత్తడానికి పదునైంది. అప్పుడు చెన్నక్క ఊరిపెద్ద నాగిరెడ్డి దగ్గరకు వెళ్లి పాతర సంగతి చెప్పింది. ఆయన ముందు కళ్లు తుడుచుకున్నాడు, తరువాత లెంపలు వాయించాడు ఇన్నాళ్లు దాచినందుకు. మాటల్తోనే లెండి. కానీ చిక్కు అక్కడే ఉంది. ఎగువపల్లెలో ఒక్క ఎద్దు మిగల్లేదు. విత్తనం వేసే గొర్రు లాగే ఎద్దులు లేనిదే జొన్న పదునులోకి దిగదు, పైపైన చల్లితే పిట్టల పాలు. దిగువపల్లెవాళ్లు పశువుల్ని అడవికి తోలి కాపాడుకున్నారు గానీ వాళ్ల విత్తనం గింజ లేకుండా కాలిపోయింది. ఇటు గింజలు, అటు ఎద్దులు, నడుమ వంక.

వాళ్లను పిలుద్దామన్నది చెన్నక్క. అందుకు ఆమె మరిది బయన్న మండిపడ్డాడు. మా అన్నను నరికినవాడికి ఎదురెళ్లి హారతి పట్టు వదినా అని ఎత్తిపొడిచాడు. రచ్చబండ దగ్గర ఆడవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు. ఎండ చూస్తే రోజురోజుకూ ముదురుతోంది, పదును ఆరిపోతోంది.

ఆ మధ్యాహ్నం చెన్నక్క మిట్ట మీద వేపచెట్టు కింద కొంగు పరుచుకుని కునుకు తీసింది. కలలో ఒంటినిండా పొట్టు అంటిన ముసలామె కనబడి, చాట చెరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"దీపం నిలవని చోట మనిషి దిగకూడదు. మొదటి తట్ట అవతలి ఊరిది."

చెన్నక్క లేచి ఎవరినీ అడక్కుండా వంక ఒడ్డుకు పోయి, విత్తనం ఉంది ఎద్దుల్ని తోలుకు రమ్మని అవతలికి కేకేసింది.

మరునాడు పొద్దెక్కేసరికి దిగువపల్లెవాళ్లు గొర్లు, ఎద్దులతో అవతలి గట్టున నిలబడ్డారు. చేతుల్లో ఎద్దుల్ని అదిలించే ములుగర్రలే కాదు, దుడ్డుకర్రలూ ఉన్నాయి. ఇవతల నాగిరెడ్డి మనుషులూ వట్టి చేతుల్తో రాలేదు. పార చప్పుడు ఒక్కటే. మట్టి తీసి, మూతబండ పక్కకు నెట్టగానే లోపలినుంచి వెచ్చని పులిసిన వాసన కొట్టింది. పాతర తెరిస్తే ఒక పూటంతా ఆరనిచ్చి, దీపం దించి చూసి, అది నిలిస్తేనే మనిషి దిగడం ఎగువపల్లెవాళ్లకు పుట్టుకతో తెలిసిన పద్ధతి. చెన్నక్క ప్రమిదను చిన్న తాడుకు కట్టి దించింది. సగంలోనే కొండెక్కింది.

ఆగమన్నది చెన్నక్క. బయన్న ఆగలేదు. అవతలివాళ్లు చూస్తుండగా నోరు తెరిచిన పాతర చుట్టూ కూర్చుంటే భయపడ్డామనుకుంటారు, ఈలోపల మీదపడి దోచుకుంటారు అని అతని పంతం. దీపం గాలికి ఆరిందిలే అని, గోడకు తొలిచిన మెట్లు పట్టుకుని దిగాడు. తల కనబడకుండా పోయిన కాసేపటికి ధబ్బుమని చప్పుడైంది. పిలిస్తే పలుకు లేదు.

ఇంకొకడు పంచె ఎగ్గట్టి దూకబోతే చెన్నక్క అడ్డం పడింది. తాడు కావాలి. పశువులు లేని ఊళ్లో మోకులెక్కడివి? ఆమె వంకవైపు తిరిగి తాడు తెమ్మని అరిచింది. అవతల గుసగుసలు లేచాయి. ఒక్కడే రావాలి, మిగతావాళ్లు కాలు పెడితే తలలు లేస్తాయని నాగిరెడ్డి హెచ్చరించాడు. భుజాన మోకు చుట్ట వేసుకుని వంక దాటి వచ్చినవాడు తిమ్మప్ప.

అతడు ఎవరి మొహమూ చూడలేదు. తన కంబళి విప్పి మోకుకు కట్టి, పాతరలోకి దించి, చేద తోడినట్టు పైకీ కిందికీ గబగబా లాగాడు. లోపలి చెడుగాలి కదిలి బయటికొచ్చింది. మళ్లీ దీపం దించారు, ఆరింది. మళ్లీ కంబళి ఆడించాడు. ఈసారి దీపం వణికి వణికి నిలబడింది. తిమ్మప్ప మోకు కొసను నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస ఎవరు పడతారని చూస్తే, ముందుకొచ్చింది చెన్నక్క. ఆమె వెనుక ఊరు పట్టింది.

అతడు దిగి, గింజల మీద పడి ఉన్న బయన్నకు తన నడుము కట్టు విప్పి కట్టి, తాడు ఊపాడు. లాగారు. బయన్న మొహం నీలంగా ఉంది గానీ రొమ్ము ఎగసిపడుతోంది. మోకు మళ్లీ కిందికి పోయింది, బరువు తగిలింది. అప్పుడే లోపల దీపం రెపరెపలాడింది.

నాగిరెడ్డి చెన్నక్క చెవి దగ్గరగా వచ్చాడు.

"అమ్మీ, కిందున్నది ఎవరో తెలుసు కదా. నువ్వు చెయ్యి వదిలితే మేమూ వదుల్తాం. పాతర చంపిందంటారు, మనల్ని ఎవరూ అనరు."

చెన్నక్క అరచేతుల్లో మోకు కోసుకుపోతోంది. ఊరంతా ఆమె వేళ్లనే చూస్తోంది. పెద్దోబన్నను వంకలోనుంచి మోసుకొచ్చిన రోజు కళ్లముందు ఆడిందట చెన్నక్కకు. అవతలి గట్టున ఎద్దు మెడలో గంట ఒకసారి మోగింది.

"తెలుసు," అన్నది. "మనవాడే. లాగండి."

లాగారు. తిమ్మప్ప పైకొచ్చి, మోకాళ్ల మీద పడి దగ్గుతూ చాలాసేపు లేవలేకపోయాడు. ఆ సాయంత్రం, గాలి పూర్తిగా తేటపడ్డాక తీసిన మొదటి తట్ట జొన్నలు చెన్నక్క అతని ముందు పెట్టింది.

"ఇది తీసుకునే మొహం నాకు లేదమ్మా," అన్నాడు.

"మొహంతో పనేముంది. ఎద్దుల్ని తోలుకురా, పదును పోతోంది."

రెండు ఊళ్ల చేలూ ఆ పదునులోనే విత్తుకున్నారు. తిమ్మప్ప గొర్రు తోలితే, ఇంకా నీరసంగా ఉన్న బయన్న వెనకే నడుస్తూ గింజలు పోశాడు. పాతర ఖాళీ అయ్యాక చూస్తే, అడుగున ఒక గుండ్రాయి, దాని ఎదుట ఆ రోజు దించిన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ రాయి పెద్దోబన్న పెట్టింది కాదని చెప్పి, చెన్నక్క తన కల బయటపెట్టింది. కలలో చాట చెరిగిన తల్లి ఆ రాయేనని రెండు ఊళ్లూ చేతులు జోడించాయి.

నేటికీ కోతలయ్యాక రెండు పల్లెల్లోని ప్రతి ఇల్లూ ఈ పాతరలో ఒక చాటెడు విత్తనం పోస్తుంది. వానలు ఎగ్గొట్టిన ఏడు ఎవరి ఇంట విత్తనం లేకపోయినా ఇక్కడినుంచే పోతుంది. తొలకరికి బండ తీసి, కంబళి ఆడించి, దీపం దించుతారు. ఒక ఏడు ఎగువపల్లెవాడు దిగితే దిగువపల్లెవాళ్లు తాడు పడతారు, మరుసటి ఏడు దిగువపల్లెవాడు దిగితే ఎగువపల్లెవాళ్లు. మొదటి తట్ట ఎప్పుడూ అవతలి ఊరిదే. మాటలు పోయిన అన్నదమ్ములు, గట్టు తగాదాలున్నవాళ్లు ఇక్కడికొచ్చి కలిసి ఆ మోకు పడితే తల్లి చల్లగా చూస్తుందని నమ్మకం.

దిగినవాడు చీకట్లో కనబడకుండా పోయాక, చెన్నక్క ఇంటి కోడలు పాతర నోటి దగ్గర నిలబడి తాడు పట్టినవాళ్లను అడుగుతుంది, కిందున్నది ఎవరని. పేరు చెప్పకూడదు. వంశం చెప్పకూడదు. మోకు బిగించి, అందరూ ఒక్క గొంతుతో చెప్పాల్సిన మాట ఒకటే.

"మనవాడే."