బెల్లం తక్కువైన జావ

డాక్టర్ కామేశం గారు ఏదడిగినా సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. మూత్రాశయ శస్త్రచికిత్సలో ఆయనంతటి చెయ్యి చుట్టుపక్కల జిల్లాల్లో లేదని పేరు. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. ఆయనలో ఇంకో విడ్డూరం కూడా ఉండేది. క్యాంటీన్‌లో ఉప్పులేని పప్పు వడ్డించినా, చల్లారిన టీ ఇచ్చినా మారుమాట లేకుండా పుచ్చుకునేవారు. ఫలానాది కావాలని గానీ, ఇది బాగాలేదని గానీ ఆయన అనగా ఎవరూ వినలేదు. శిష్యురాలు హిమజ దాని మీద వెనకాల జోకులేసి అందర్నీ నవ్వించేది.

ఆ ఉదయం ఆమెకు నవ్వు రావడం లేదు. పుట్టుకతోనే మూత్రాశయం చిన్నదైన మధులత అనే పిల్లకు గురువుగారు అతుకు వేశారు. జంతువు పేగు నుంచి తీసి, అందులోని కణాలన్నీ కడిగేసిన పలుచని పొర అది. పిల్ల సొంత కణాలు దానిలోకి పాకి, అల్లుకుని, చివరకు దాన్ని కరిగించుకుని ఆ చోట తమ గోడ తాము కట్టుకోవాలి. కట్టుకోకపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. ఇప్పుడేమో పిల్లకు జ్వరం. స్కాన్‌లో అతుకు చుట్టూ వాపు. చీము లేదు, కుట్లు ఊడలేదు, నొప్పికి మందు పడుతూనే ఉంది. వాపుతోనే ఆ గోడ కట్టే కణాలు వస్తాయని, అది హద్దు మీరితేనే అతుకు మచ్చకట్టి బిగుసుకుపోతుందని హిమజ చదువుకుంది. చదువుకున్నదంతా పిల్ల మూలుగు వినగానే ఎగిరిపోయింది.

"వాపు అణగడానికి స్టెరాయిడ్ ఇచ్చేద్దామా సర్? శరీరం ఆ పొర మీద ఇంత గొడవ చేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?" అని అడిగింది.

ఆయన వార్డులోకి నడిచారు.

మంచం పక్కన మధులత సవతితల్లి ఈశ్వరమ్మ స్టీలు గ్లాసులో రాగిజావ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఆ ఇంటికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. గ్లాసు చూడగానే పిల్ల మండిపడింది.

"అది మా అమ్మ గ్లాసు! దాని మీద మా అమ్మ పేరుంది. నువ్వెందుకు ముట్టుకుంటివి?"

డాక్టర్ల ముందు తండ్రి బసవయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఏందే ఆ మాటలు? నోరు మూసుకోని తాగు" అని చెయ్యెత్తాడు. పిల్ల ఠక్కున ఆగిపోయింది. గ్లాసు అందుకుని, గోడవైపు తిరిగి, కషాయం తాగినట్టు తాగసాగింది. వార్డు సద్దుమణిగినందుకు హిమజకు హమ్మయ్య అనిపించింది. గురువుగారి ముఖం మాత్రం అయినవాళ్లు పోయారని కబురు విన్నట్టు అయిపోయింది.

"అరవనివ్వవయ్యా బిడ్డను. హద్దు మీరితే ఆపడానికి మనం లేమా?" అన్నారు.

బసవయ్య చెయ్యి దించాడు. పిల్ల అందరి వంకా ఒకసారి చూసి, గొంతెత్తి ఏడ్చింది. అమ్మ చీర ఎవరు కట్టుకున్నారని, గూట్లో అమ్మ ఫొటో ఎందుకు జరిపారని అరిచింది. ఈశ్వరమ్మకు కళ్లు నిండాయి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

"మీ అమ్మ గ్లాసేలే. వేరేదాంట్లో అయితే నువ్వు తాగవని మీ నాయన చెప్తే, ఇల్లంతా ఎతికి తెచ్చినా" అంది.

పిల్ల చాలాసేపు వెక్కింది. ఆ తర్వాత ఇంకో గుక్క తాగి మూతి ముడిచింది. "బెల్లం తక్కువైంది."

ఈశ్వరమ్మ బెల్లం కోసం దాదాపు పరుగెత్తింది.

వరండాలోకి వచ్చాక కూడా హిమజ పట్టు వదల్లేదు. "మరి ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి, సర్?"

ఆయన కిటికీ దగ్గర ఆగారు.

"నా చిన్నప్పుడు మా ఇంటికీ ఒకావిడ వచ్చిందమ్మా. మంచి మనిషి. మా నాన్న నన్ను ఒక్కరోజు కూడా అరవనివ్వలేదు. మా ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో అని ఊళ్లో అందరూ మెచ్చుకునేవాళ్లు."

తను వేసిన జోకులన్నీ గుర్తొచ్చి హిమజకు సిగ్గేసింది, బాధేసింది. ఇంజెక్షన్ మాట మళ్లీ ఎత్తలేదు.

"పోయేదాకా ఆవిడ మా ఇంట్లోనే ఉంది" అన్నారాయన. "ఆకలేస్తోందని ఆవిడతో నేనెప్పుడూ అనలేదు."